తొలితరం ఎలక్ట్రానిక్ కీబోర్డులు: గమకం ఇష్టపడేవాళ్లు దేన్ని పట్టుకోవాలి?

1960ల మధ్యలో రాబర్ట్ మూగ్ సింథసైజర్ రావడానికి ముందే యూరప్‌లో, అమెరికాలో వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు), తీగలతో, టేపులతో పలికే కీబోర్డులు, ఆ కోవకు చెందిన వాద్యాలు తయారయ్యాయి. ఓండ్ మార్తెనో, ట్రౌటోనియం, నోవాకార్డ్, ఓండియోలిన్, క్లావియోలిన్, మెలోట్రాన్. యూట్యూబ్‌లో వీటిలో ఒకటో రెండో విన్న కీబోర్డు ప్లేయర్లకు సహజంగా వచ్చే ప్రశ్న: వీటిలో దేన్ని పట్టుకోవాలి? పట్టుకోవడమంటే పాత వాద్యాన్నే కొనక్కర్లేదు. దాని మీద వాయించిన సంగీతం విని, ఆ పద్ధతిని ఇప్పుడు దొరికే వాద్యం మీద సాధన చేసినా చాలు.

నా సలహా ముందే చెప్తాను. కర్ణాటక సంగీతంతోనో, పాత సినిమా పాటలతోనో చెవి తయారైనవాళ్లు టోన్ చూసి ఎంచుకోవద్దు. ఈ వాద్యాల టోన్లలో చాలా మటుకు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతున్నాయి. గమకమంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. కాబట్టి మీరు చూడాల్సింది ఒకటే: ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిలో ఆ వాద్యం మీ వేలికి ఎంత చోటు ఇస్తోంది?

దీనికి నేను పెట్టే పరీక్ష తోడి రాగంలోని గాంధారం. తోడిలో గాంధారం ఒకచోట నిలవదు. కింద రిషభాన్ని, పైన మధ్యమాన్ని తాకుతూ ఊగుతుంది. షడ్జమాన్ని సి మీద పెట్టుకుంటే గాంధారం ఇ ఫ్లాట్ దగ్గర ఉంటుంది. ఊపు డి ఫ్లాట్ నుంచి ఎఫ్ దాకా. నల్ల మెట్లు, తెల్ల మెట్లు కలిపి లెక్కపెడితే పైకి రెండు, కిందికి రెండు. ఆ మెట్లను ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే తోడి రాదు, మూడు విడి స్వరాలు వినపడతాయి. మామూలు కీబోర్డుకు ఉన్న లోటంతా అక్కడే బయటపడుతుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా దూరం పెట్టిందంటే, ప్రధాన అభ్యంతరం కూడా ఇదే. ఆ నిషేధం సరైనదని నేను అనను, కానీ ఆ అభ్యంతరంలో నిజం ఉంది.

ఆశ్చర్యమేమిటంటే, ఈ లోటుతో తలపడిన మనుషులు పారిస్‌లో కూడా ఉన్నారు.

ఓండ్ మార్తెనో

మోరిస్ మార్తెనో 1898లో పుట్టాడు. చెల్లో వాయించేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేశాడు. అప్పట్లో వాల్వు పరికరాల్లో రెండు హై ఫ్రీక్వెన్సీ సిగ్నళ్లు కలిసినప్పుడు వాటి మధ్య తేడా ఒక ఈలలా వినపడేది. రష్యాలో లెవ్ తెరెమిన్ కూడా ఇదే సూత్రంతో, చేతిని గాల్లో ఆడిస్తే పలికే వాద్యాన్ని తయారు చేశాడు. అయితే గాల్లో చేతికి ఆధారం ఉండదు. ఏ స్వరం ఎక్కడుందో చెవి మాత్రమే చెప్పాలి. మార్తెనో చెల్లో మనిషి కాబట్టి వేలికి ఒక గుర్తు కావాలనుకున్నాడు. 1928లో పారిస్‌లో తన వాద్యాన్ని జనానికి వినిపించాడు.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. కుడిచేతి చూపుడు వేలికి ఒక చిన్న ఉంగరం. ఆ ఉంగరానికి కట్టిన తీగ కీబోర్డు ముందు భాగంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. వేలిని పక్కకు జరిపితే స్వరం జారుకుంటూ పోతుంది, మధ్యలో ఎక్కడా మెట్టు తగలదు. ఉంగరం కదిలే దారి కింద పట్టీలో తెల్ల మెట్ల దగ్గర చిన్న గుంటలు, నల్ల మెట్ల దగ్గర చిన్న బొడిపెలు ఉంటాయి. వేలి కొస ఆ గుంటను తాకగానే స్వరస్థానం తెలిసిపోతుంది. వీణ మీద మెట్టు తగిలినట్టే తగులుతుంది, కానీ వేలిని ఆపదు.

తర్వాత వచ్చిన రకాల్లో కీబోర్డును కూడా వాయించవచ్చు. ఆ కీబోర్డు మొత్తం కాస్త వదులుగా అమరి ఉంటుంది. కీ నొక్కి వేలిని కుడిఎడమలకు ఆడిస్తే మెట్లన్నీ కలిసి కదులుతాయి, స్వరం కంపిస్తుంది. తోడి గాంధారానికి ఈ కదలిక చాలదు, దానికి ఉంగరమే కావాలి. చిన్న కంపితాలకు మాత్రం చక్కగా సరిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఎడమచేతి పని. ఎడమవైపు ఒక చిన్న సొరుగు ఉంటుంది, అందులో ఒక బటన్. దాన్ని నొక్కితేనే శబ్దం వస్తుంది. కుడిచేయి ఎంత కదిలినా, ఎడమచేయి నొక్కకపోతే వాద్యం మాట్లాడదు. ఆ బటన్ కింద తోలు సంచి, అందులో కరెంటును కొద్దికొద్దిగా పంపే పొడి. మెల్లగా నొక్కితే స్వరం లేచీలేవనట్టు మొదలవుతుంది, గట్టిగా నొక్కితే పెరుగుతుంది, టక్కున తడితే మీటినట్టు వినపడుతుంది. వయొలిన్‌లో కుడిచేతి కమాను చేసే పనంతా ఇక్కడ ఎడమచేతి ఒక్క వేలు చేస్తుంది. అదే సొరుగులో స్వరాన్ని పావుస్వరం, అరస్వరం మేర పైకీ కిందికీ మార్చే చిన్న మీటలు కూడా ఉన్నాయి.

స్పీకర్ల మీద కూడా మార్తెనో ఇంతే శ్రద్ధ పెట్టాడు. ఒకటి మామూలుది. ఒకదాంట్లో శబ్దం గాంగ్ లాంటి లోహపు పళ్లేన్ని మోగిస్తుంది. ఇంకొకదాని మీద తీగలు కట్టి ఉంటాయి, వాద్యం పలికిన స్వరానికి అవి సితార్‌లోని తరఫ్ తీగల్లా తమంతట తాము పలుకుతాయి.

ఈ వాద్యానికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. హార్మోనియం అంటే గిట్టని రవీంద్రనాథ్ టాగోర్, కాశీలో ఏళ్ల తరబడి ఉండి హిందుస్థానీ సంగీతం నేర్చుకున్న ఫ్రెంచి పండితుడు అలేన్ డానియెలూ, వీళ్లిద్దరి సూచనల మేరకు 1930ల చివర్లో మార్తెనో భారతీయ శ్రుతులు పలికే కీబోర్డు వాద్యం మీద పనిచేశాడు. తీగ వాద్యాలున్న దేశం నుంచి ఒక కవి కరెంటు వాద్యంలో శ్రుతులు అడిగాడంటే, ఆ వాద్యంలో ఆయనకు ఏదో కనపడే ఉంటుంది.

వినడానికి ముందుగా ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రాసిన తురంగలీల సింఫనీ చెప్తాను. 1949లో బోస్టన్‌లో లియొనార్డ్ బెర్న్‌స్టీన్ నిర్వహణలో మొదటిసారి వాయించారు. మార్తెనో చెల్లెలు జినెట్ ఓండ్ వాయించింది. మెస్సియాన్ సంగీత రత్నాకరం రాసిన మన శార్ఙ్గదేవుడి దేశీతాళాల పట్టికను చదివి తన లయల్లో వాడుకున్నవాడు, కాబట్టి తాళం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో పని కూడా దొరుకుతుంది. పెద్ద ఆర్కెస్ట్రా హోరులో ఓండ్ విడిగా వినపడటం మొదట్లో కష్టం. అందుకని 1937లో ఆయనే ఆరు ఓండ్‌ల కోసం రాసిన ఫెత్ దే బెల్ జో ముందు వినండి. అందులో ఇంకే వాద్యమూ లేదు. ఈ తరం సంగీతం కావాలంటే రేడియోహెడ్ బృందంలోని జానీ గ్రీన్‌వుడ్ ఉన్నాడు, 2000లో వచ్చిన కిడ్ ఎ ఆల్బమ్ దగ్గర మొదలుపెట్టండి.

నా లెక్కలో తోడి గాంధారం పరీక్షలో ఇది మొదటి స్థానంలో ఉంది. లోపాలూ ఉన్నాయి. ఒకసారి ఒక స్వరమే పలుకుతుంది. రెండు చేతులకు రెండు వేర్వేరు పనులు కాబట్టి పియానో అలవాటు పెద్దగా కలిసిరాదు. 1947 నుంచి పారిస్ కన్సర్వేటరీలో పాఠంగా చెప్తున్నారు, జాన్ లోరియో దీని వాదన పద్ధతి మీద మూడు సంపుటాలు రాసింది. అంటే ఒకటి రెండు నెలల్లో పట్టుబడే వాద్యం కాదు.

ఓండియోలిన్: అదే ఆశ, తక్కువ ఖర్చులో

జార్జ్ జెనీ కూడా ఫ్రెంచివాడే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో క్షయ వ్యాధికి చికిత్స తీసుకుంటూ ఈ వాద్యాన్ని రూపొందించాడు. మార్తెనో వాద్యం అప్పటికే ఖరీదైనది. మామూలు సంగీతకారుడు కొనగలిగేది తయారు చేయాలన్నది జెనీ పట్టుదల. అందుకే ఓండియోలిన్ చిన్నది. మూడు స్థాయిల కీబోర్డు, స్విచ్‌తో ఇంకా పైకీ కిందికీ వెళ్లవచ్చు. టోన్ మార్చడానికి ముందు వరుసగా స్విచ్‌లు.

ఇందులో కీబోర్డు స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. వేలిని పక్కకు ఆడిస్తే మొత్తం కీబోర్డు ఊగి స్వరం కంపిస్తుంది. వాల్యూమ్ మోకాలి దగ్గరి మీటతో. కాబట్టి ఎడమచేయి పూర్తిగా ఖాళీ. జాన్ జాక్ పెరీ ఆ ఎడమచేత్తో పియానో, కుడిచేత్తో ఓండియోలిన్ వాయిస్తూ యూరప్ అంతా ప్రదర్శనలిచ్చాడు. ఆయన వైద్యవిద్య మధ్యలో వదిలేసి వచ్చినవాడు. రేడియోలో ఓండియోలిన్ విని జెనీకి ఫోన్ చేసి, నాకు కొనే స్తోమత లేదు కానీ ఇది చాలా నచ్చింది అన్నాడట. జెనీ ఒకటి వాడుకోమని ఇచ్చాడు. తర్వాత పెరీయే ఆ వాద్యానికి పెద్ద ప్రచారకుడయ్యాడు. 1960లో న్యూయార్క్ వెళ్లి, గెర్షన్ కింగ్స్‌లీతో కలిసి 1966లో టేపు ముక్కలు అతికించి చేసిన ఆల్బమ్‌తో ఎలక్ట్రానిక్ శబ్దాన్ని సరదా సంగీతంలోకి తెచ్చాడు.

మార్తెనోతో పోలిస్తే ఓండియోలిన్‌కు ఒక బలం, ఒక బలహీనత. వయొలిన్, ట్రంపెట్, షెహనాయి తరహా నాదాలు ఇందులో ఎక్కువ వైవిధ్యంతో వస్తాయి, కీబోర్డు ముందున్న తీగను తాకితే చిన్న డప్పు దెబ్బలు కూడా పలుకుతాయి. కానీ ఉంగరం లేదు. కీబోర్డు ఊపుతో వచ్చేది కంపితం మాత్రమే. జారు కావాలంటే, తోడి కావాలంటే ఇది ఆగిపోతుంది. మోహనంలో, కల్యాణిలో మెల్లగా సాగే పాటను పలికించడానికి మాత్రం దీని కంపితం అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే ఊపు వేగం మెషీన్ నిర్ణయించదు, మీ మణికట్టు నిర్ణయిస్తుంది.

ఇంకో మాట. ఖర్చు తగ్గించడానికి చౌక విడిభాగాలు వాడటం వల్ల ఓండియోలిన్‌లు త్వరగా పాడయ్యాయి. తయారైనవి వెయ్యికి పైనే అంటారు, పనిచేసేవి ఇప్పుడు చాలా తక్కువ. ఆస్ట్రేలియా గాయకుడు గోటియే వీటిని వెతికి బాగు చేయించి, పెరీ సంగీతాన్ని మళ్లీ వేదిక మీదికి తెచ్చాడు. కొనే ఆలోచన కంటే ఆయన ప్రదర్శనల వీడియోలు చూడటం మీకు ఎక్కువ నేర్పుతుంది. చేతి కదలిక దగ్గరగా కనపడుతుంది.

క్లావియోలిన్: మీరు ఇప్పటికే విన్నారు

1947లో వెర్సాయ్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారు చేసిన క్లావియోలిన్ ఈ మూడిటిలో సులువైనది, బాగా అమ్ముడైనది. బ్రిటన్‌లో సెల్మర్, అమెరికాలో గిబ్సన్ కంపెనీలు తయారు చేశాయి. చిన్న కీబోర్డును పియానో కింద బిగించుకోవచ్చు, ఆంప్లిఫయర్, స్పీకరు వేరే పెట్టెలో. మోకాలి మీటతో వాల్యూమ్. వైబ్రాటో స్విచ్ వేస్తే వస్తుంది, వేలితో రాదు. నా పరీక్షలో ఇది పూర్తిగా తప్పింది.

అయినా మన దేశంలో దీని కథ వేరు. 1954లో వచ్చిన హిందీ సినిమా నాగిన్‌లో, హేమంత్ కుమార్ సంగీతంలో, కల్యాణ్‌జీ క్లావియోలిన్ మీద వాయించిన నాగస్వరం వరస దేశమంతా పాకింది. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం నాగిని డాన్సుకు వాయించేది ఆ వరుసే. పాములవాడి బూర కాదు, వాల్వు కీబోర్డు. ఆ వాయింపును శ్రద్ధగా వినండి. వాద్యం ఇవ్వని జారును దగ్గర దగ్గర స్వరాలను వేగంగా అల్లి ఎలా పుట్టించాడో తెలుస్తుంది. మెట్ల వాద్యం మీద గమకం భ్రమ కలిగించడం ఒక విద్య, మన హార్మోనియం విద్వాంసులకు అది బాగా తెలుసు. పాశ్చాత్య సంగీతంలో ఇదే వాద్యాన్ని 1962లో టోర్నడోస్ బృందం టెల్‌స్టార్‌లో, 1967లో బీటిల్స్ బేబీ యూ ఆర్ ఎ రిచ్ మ్యాన్‌లో వాడారు.

మీ దగ్గర మామూలు కీబోర్డు ఉండి, వేరే ఏదీ కొనలేని పరిస్థితి ఉంటే, మీ గురువు క్లావియోలినే. మీ వాద్యానికి ఉన్న హద్దులు దానికీ ఉన్నాయి, ఆ హద్దుల్లో ఏం చేయవచ్చో కల్యాణ్‌జీ చేసి చూపించాడు.

మెట్లే వద్దనుకుంటే

బెర్లిన్‌లో ఫ్రెడ్రిక్ ట్రౌట్‌వైన్ 1930లో చూపించిన ట్రౌటోనియంలో కీబోర్డు లేదు. లోహపు పట్టీ మీద తీగ ఒకటి. ఎక్కడ నొక్కితే అక్కడి స్వరం, ఎంత గట్టిగా నొక్కితే అంత శబ్దం. గుర్తు కోసం తీగ పైన తోలు నాలుకలు అమర్చేవారు. జర్మన్ స్వరకర్త పాల్ హిండెమిత్ దీనికోసం సంగీతం రాశాడు. ఆయన శిష్యుడు ఆస్కార్ సాలా 2002లో చనిపోయేదాకా దాదాపు జీవితమంతా ఈ ఒక్క వాద్యానికే ఇచ్చాడు. హిచ్‌కాక్ తీసిన ది బర్డ్స్ సినిమాలో పక్షుల అరుపులు, రెక్కల చప్పుళ్లు సాలా పలికించినవే. టెలిఫుంకెన్ కంపెనీ 1933లో దీన్ని ఇంటింటి వాద్యంగా అమ్మబోయి నష్టపోయింది.

వయొలిన్, వీణ, గోట్టువాద్యం వాయించేవాళ్లు ఎలక్ట్రానిక్ వైపు రావాలనుకుంటే నేను ఓండ్ కంటే ముందు ట్రౌటోనియం చెప్తాను. తీగ నొక్కే అలవాటు నేరుగా పనికొస్తుంది, తోడి గాంధారం మొదటి రోజే వస్తుంది. కీబోర్డు ప్లేయర్లకు మాత్రం ఇది దూరం. ఈ సూత్రంతో జర్మనీకి చెందిన డోప్ఫర్ కంపెనీ సింథసైజర్‌కు కలుపుకునే విడి పెట్టెలు (మాడ్యూళ్లు) చేసింది.

గమకం కాదు, నిండుగా ఒక తెర కావాలంటే

కొందరికి పాట వెనక నిలబడే నాదం కావాలి. వాళ్లకు పైవన్నీ దండగ, ఒక్క స్వరమే పలుకుతాయి కాబట్టి.

అప్పుడు రెండు దారులు. మొదటిది హామండ్ కంపెనీ 1939లో తెచ్చిన నోవాకార్డ్. 163 వాల్వులు, 72 మెట్లు, అన్నీ ఒకేసారి నొక్కినా పలుకుతాయి. ప్రతి స్వరం ఎంత మెల్లగా లేవాలో, ఎంతసేపు నిలవాలో నాబ్‌తో మార్చుకోవచ్చు. మూగ్‌కు పాతికేళ్ల ముందు ఇది సాధ్యమైంది. బరువు రెండు క్వింటాళ్లకు పైనే. యుద్ధం వల్ల 1942తో తయారీ ఆగిపోయింది. సోనికూచర్ సంస్థ దీని స్వరాలను రికార్డు చేసి సాఫ్ట్‌వేర్‌గా మార్చింది, అది చాలు.

రెండోది మెలోట్రాన్. అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ ఆలోచన, బర్మింగ్‌హామ్‌లో 1963లో కొత్త పేరుతో మెలోట్రాన్ అయింది. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన ఫ్లూటో వయొలిన్లో. నొక్కినంతసేపు టేపు నడుస్తుంది. దాదాపు 8 సెకన్లకు టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. బీటిల్స్ స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్ మొదట్లో వచ్చే ఫ్లూట్లు ఇవే. టేపు కాస్త వణకడం వల్ల వచ్చే తడబాటు ఎంతో బాగుంటుంది, కానీ అది మీ చేతిలో ఉండదు. రెండిటిలో నా ఓటు మెలోట్రాన్‌కు, సాఫ్ట్‌వేర్ రూపంలో. జీఫోర్స్, ఆర్టూరియా రెండూ మంచివే చేశాయి, ఎక్కువ ఆలోచించకుండా ఏదో ఒకటి తీసుకోండి.

వీటన్నిటికంటే పాతది టెల్‌హార్మోనియం. థాడియస్ కేహిల్ 1906లో న్యూయార్క్‌లో పెట్టిన యంత్రం 200 టన్నులు. టెలిఫోన్ తీగల్లో సంగీతం పంపాడు. ఒక్క రికార్డింగ్ కూడా మిగల్లేదు, కాబట్టి ఎంచుకునే జాబితాలో దానికి చోటు లేదు.

ఇప్పుడు ఏం కొనాలి?

పాత వాల్వు వాద్యం కొనవద్దు. ఈ మాట బాధతోనే అంటున్నాను, ఎందుకంటే అసలు వాద్యం ముందు కూర్చున్న అనుభవం వేరే. కానీ ఆ వాల్వులు, కెపాసిటర్లు మార్చగలిగినవాళ్లు మన ఊళ్లలో అరుదు. అమెరికాలో తయారైనవి 110–120 వోల్టులవి, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి స్విచ్‌ల కాంటాక్టులు తుప్పు పడతాయి. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటున్న మనవాళ్లకు రిపేరు చేసేవాళ్లు దగ్గర్లో ఉంటే అది వేరే సంగతి. అక్కడైనా మ్యూజియంలో చూసి, వాయించి చూశాకే డబ్బు పెట్టండి.

కొత్తగా తయారవుతున్న ఓండ్‌లు ఉన్నాయి. పారిస్‌లో జాన్ లూ డీర్‌స్టైన్ పాత పద్ధతిలో మళ్లీ కడుతున్నాడు. జపాన్‌లో ఆసాడెన్ తయారు చేసే ఓండోమో చిన్నది, తక్కువ ధరకు వస్తుంది, ఉంగరమూ ఎడమచేతి బటనూ రెండూ ఉంటాయి. కెనడా నుంచి థెరెవాక్స్ కూడా ఈ పద్ధతిదే. ఏది తీసుకున్నా ఎదురుచూడాలి, రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోవాలి. ఓండ్ మార్తెనోను జీవితంలో ప్రధాన వాద్యంగా చేసుకోవాలన్న పట్టుదల ఉంటేనే ఇటు వెళ్లండి. అలాంటప్పుడు ఓండోమో నా ఎంపిక.

పట్టుదల ఉంది కానీ చేతికి కీబోర్డే అలవాటు అనేవాళ్లకు ఎక్స్‌ప్రెసివ్ ఇ కంపెనీ వాళ్ల ఓస్మోస్ కీబోర్డు సరైనది. బయటికి మామూలు మెట్లలా కనపడతాయి, కానీ ఒక్కో మెట్టు విడిగా పక్కకు ఊగుతుంది. మార్తెనో మొత్తం కీబోర్డును ఊపితే ఇందులో ఏ వేలి స్వరాన్ని ఆ వేలే ఊపుతుంది, మిగతావి నిలకడగా ఉంటాయి. కుడిచేతితో రాగం ఊగుతుంటే ఎడమచేత్తో షడ్జమ పంచమాలు పట్టుకోవచ్చు. ఊపు ఎంత దూరం వెళ్లాలో సెట్టింగులో మార్చుకోవచ్చు. ఈ ఆలోచనకూ మూలం పాతదే: కెనడాలో హ్యూ లె కేన్ 1948 నాటికే, మెట్టును పక్కకు నెడితే స్వరం మారే ఎలక్ట్రానిక్ శాక్‌బట్ అనే వాద్యం చేశాడు.

మెట్లు లేని మెత్తటి పలక కావాలంటే లిపోల్డ్ హాకెన్ చేసిన కాంటినమ్ ఉంది. ఏఆర్ రెహమాన్ 2009 నాటి డిల్లీ 6 సినిమాలో దీన్ని వాడాడు. జారుకు ఇంతకంటే మంచిది నాకు తెలియదు, కానీ ధర చాలా ఎక్కువ. స్వరం ఎక్కడుందో వేలికి చెప్పే గుంటలు కూడా లేవు. ఐప్యాడ్ ఉన్నవాళ్లు జియోష్రెడ్ యాప్‌తో అదే రకం సాధన ఎంతో తక్కువలో మొదలుపెట్టవచ్చు. కొనేముందు దాంతో కొన్ని నెలలు గడపండి. గాజు మీద వేలు జారడం మీకు నచ్చకపోతే కాంటినమ్ మీద కూడా నచ్చకపోవచ్చు.

పైసా ఖర్చు లేకుండా

పిచ్ బెండ్ లివరు (పలుకుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జరిపే మీట) ఉన్న ఏ కీబోర్డైనా, మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనపడే రోలండ్ ఎక్స్‌పీఎస్ 10 లాంటిదైనా సరే, ఇలా మార్చుకోండి. సన్నటి సైన్ టోన్ లేదా ఫ్లూట్ టోన్ ఒకటి తీసుకుని, ఒకసారి ఒక స్వరమే పలికే మోనో మోడ్‌లో పెట్టండి. వైబ్రాటో పూర్తిగా తీసేయండి, ఊపు మీ చేతి నుంచే రావాలి. రివర్బ్ (ప్రతిధ్వని) తగ్గించండి, లేకపోతే తప్పులు దాక్కుంటాయి. వాల్యూమ్‌ను పాదంతో మార్చే ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టే వీలుంటే పెట్టి, మార్తెనో ఎడమచేతి పనిని పాదానికి అప్పగించండి. అంటే పెడల్ పైన ఉన్నప్పుడు నిశ్శబ్దం, మెట్టు నొక్కాక పెడల్‌తో స్వరాన్ని లేపాలి. మొదట్లో ఇది చాలా చిరాకు పెడుతుంది, పాదం ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది.

పిచ్ బెండ్ రేంజి సాధారణంగా పైకీ కిందికీ రెండేసి సెమీటోన్లు, అంటే నల్లవీ తెల్లవీ కలిపి రెండేసి మెట్లు ఉంటుంది. తోడికి సరిగ్గా అంతే కావాలి. ఇ ఫ్లాట్ నొక్కిపట్టి లివరును పైకి పూర్తిగా నెడితే మధ్యమం, కిందికి పూర్తిగా లాగితే రిషభం. వెనక తంబూరా యాప్ పెట్టుకోండి. ముందు గాంధారం నుంచి మధ్యమం దాకా మెల్లగా వెళ్లి రండి, తర్వాత రిషభం వైపు, ఆ తర్వాతే రెండూ కలపండి. లివరు స్ప్రింగు దానంతట అది మధ్యలోకి దూకుతుంది, ఆ దూకుడు వినపడకుండా వేలితో ఆపుతూ తేవడమే ఇందులో అసలు పని. కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద వాయించే సత్యనారాయణన్ కచేరీలు చూస్తే లివరు మీద ఎడమచేయి ఎలా నడవాలో తెలుస్తుంది.

ఇది చేస్తుండగానే మీకు ఏది సరిపోతుందో తేలిపోతుంది. లివరు మీది ఎడమచేయి చాలక, కుడి వేలే స్వరాన్ని ఊపాలని అనిపిస్తే ఓస్మోస్ చూడండి. పెడల్‌తో స్వరాన్ని లేపడంలోనే ఆనందం దొరికితే మీరు ఓండ్ మనిషి, ఓండోమో కోసం డబ్బు దాచుకోవడం మొదలుపెట్టండి. రెండూ విసుగనిపించి మెట్ల మీద వేగంగా అల్లడమే హాయిగా ఉంటే ఉన్న కీబోర్డు చాలు, నాగిన్ రికార్డింగ్ తీసి కల్యాణ్‌జీ వరసలను ఒక్కొక్కటిగా దింపుకోండి.